లాగ్ ఫైలు పేరు మారింది, ఆర్‌సిస్‌లాగ్‌కి కబురు అందలేదు

ఆదివారం రాత్రి పదకొండు దాటాక నైట్ షిఫ్ట్ కుర్రాడి దగ్గర్నుంచి ఫోన్. "అక్కా, /వార్ 97 శాతం నిండింది. డీయూ కొడితే మాత్రం 4 జీబీకి మించి లెక్క తేలట్లేదు. ఇంకోటి, మెసేజెస్ ఫైలు సున్నా బైట్లు చూపిస్తోంది. సెక్యూర్ కూడా సున్నాయే. ఆర్‌సిస్‌లాగ్ రీస్టార్ట్ కొట్టెయ్యనా?"

"వద్దురా, ఎంటర్ నొక్కకు. ముందు కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి" అన్నాను.

లైనక్స్ సర్వర్‌లో జరిగేదంతా రాసి పెట్టే ప్రోగ్రాము ఆర్‌సిస్‌లాగ్. ఆ రాతలు ఉండే చోటు /వార్. మెసేజెస్‌లో మామూలు సంగతులు, సెక్యూర్‌లో లాగిన్ సంగతులు పడతాయి. డీయూ అంటే ఫైళ్ల సైజులు కూడి చెప్పే కమాండ్. అతను ఆ ఎంటర్ నొక్కి ఉంటే డిస్క్ అప్పటికప్పుడు ఖాళీ అయ్యేది, అలారం ఆగిపోయేది. దాంతోపాటు ఆ సర్వర్‌లోకి ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో చెప్పే మూడు వారాల రికార్డు కూడా పోయేది, మళ్లీ దొరికేది కాదు. ఈ పరిస్థితిలో చాలామంది మొదట చేసే పని రీస్టార్టే. అందుకే ఇది రాస్తున్నాను. మీకూ ఇలాంటి రాత్రి ఎదురైతే ఏది ముందు చెయ్యాలో, ఏది తర్వాత చెయ్యాలో తెలియాలి.

కమాండ్లు ఇక్కడ నేను ఫోన్‌లో చెప్పినట్టే తెలుగులో రాశాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టాలి.

రొటేషన్‌లో జరిగేది

ఇందులో పనివాళ్లు ఇద్దరు. లాగులు రాసేది ఆర్‌సిస్‌లాగ్. 2004లో రైనర్ గెర్హార్డ్స్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. రెడ్‌హ్యాట్ వైపు చూసినా, ఉబుంటు వైపు చూసినా చాలా సర్వర్లలో ఇప్పటికీ అదే పని చేస్తోంది. నిండిన ఫైలును పక్కకు జరిపి కొత్తది పెట్టేది లాగ్‌రొటేట్. ఇది ఎప్పుడూ నడుస్తూ ఉండే సర్వీసు కాదు. రోజుకోసారి క్రాన్ (టైమ్‌కి పనులు నడిపేది) గానీ సిస్టమ్‌డీ (సర్వీసులన్నింటినీ నడిపేది) టైమర్ గానీ లేపితే లేచి, పని చూసుకుని పోతుంది.

లాగ్‌రొటేట్ మెసేజెస్ ఫైలు పేరును మెసేజెస్-తేదీ అని మారుస్తుంది. మారేది పేరు ఒక్కటే. ఆర్‌సిస్‌లాగ్ ఫైలును తెరిచేటప్పుడే పేరు చూస్తుంది, ఆ తర్వాత దానికి పేరుతో పని లేదు. డిస్క్ మీద ఆ ఫైలుకున్న ఐనోడ్‌ను (పేరుతో సంబంధం లేని అసలు నమోదును) పట్టుకుని రాసుకుంటూ పోతుంది. ఇంటి ముందు నేమ్‌బోర్డు మార్చినంత మాత్రాన లోపల కాపురం ఉన్నవాళ్లు మారరు కదా, అలా. పేరు మారినా రాత పాత ఫైలులోకే వెళ్తుంది. పక్కన కొత్తగా పుట్టిన మెసేజెస్ ఫైలు సున్నా బైట్లతో అలాగే పడి ఉంటుంది.

అందుకే లాగ్‌రొటేట్ చివర్లో "పాతది వదిలెయ్, కొత్తది తెరువు" అని ఆర్‌సిస్‌లాగ్‌కి కబురు పెట్టాలి. ఆ కబురే హప్ సిగ్నల్. పంపేది కాన్ఫిగ్‌లో పోస్ట్‌రొటేట్ అన్న ముక్క. రొటేషన్ అప్పుడు లాగింగ్ ఆగిపోయిందంటూ నా దగ్గరకు వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం ఈ కబురు అందకపోవడమే. రెండు ప్రోగ్రాములూ బాగానే ఉంటాయి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కొడితే ఆర్‌సిస్‌లాగ్ పచ్చగా యాక్టివ్ అనే చూపిస్తుంది.

దీనికి కంప్రెస్ (పాత లాగును కుదించమనే సెట్టింగు) తోడైతే మరీ ప్రమాదం. జీజిప్ పాత ఫైలును .జీజెడ్‌గా చేసి అసలు ఫైలును తీసేస్తుంది. ఆర్‌సిస్‌లాగ్ ఇంకా దాన్నే పట్టుకుని ఉంది కాబట్టి పేరు పోయినా ఫైలు బతికే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది. డీయూ పేర్లను బట్టి లెక్క కడుతుంది కాబట్టి దానికి ఈ ఫైలు కనపడదు. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ డిస్క్‌నే అడుగుతుంది కాబట్టి దానికి కనపడుతుంది. ఆ రాత్రి 40 జీబీ డిస్క్‌లో డీయూకీ డీఎఫ్‌కీ మధ్య తేడా 34 జీబీకి పైనే.

ముందు లాగులు కాపాడండి

రూట్‌గా (సర్వర్ మీద పూర్తి హక్కులున్న యూజరుగా) ఈ కమాండ్ కొట్టండి:

ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1

ఎల్ పెద్దక్షరం, దాని పక్కన ఒకటి అంకె. డైరెక్టరీలో పేరు లేకుండా పోయినా ఏదో ఒక ప్రాసెస్ తెరిచి పట్టుకున్న ఫైళ్లను చూపిస్తుంది. కుర్రాడు ఫోన్‌లో చదివిన వరుస ఇలా ఉంది: ఆర్‌సిస్‌లాగ్‌డీ, ప్రాసెస్ నంబరు 1187, రూట్, 7డబ్ల్యూ, సైజు దగ్గర 31 జీబీకి సరిపడా పొడవైన అంకె, ఎన్‌లింక్ (ఫైలుకు మిగిలిన పేర్ల లెక్క) కింద 0, చివర్లో మెసేజెస్-తేదీ, దాని పక్కన డిలీటెడ్. దాని కింద వరుసలో 9డబ్ల్యూ, అది సెక్యూర్ ఫైలుది.

ఇందులో మీకు కావలసినవి రెండు నంబర్లు. ఒకటి ప్రాసెస్‌ది, ఇక్కడ 1187. రెండోది డబ్ల్యూకి ముందున్నది, ఇక్కడ 7. ఆ ప్రాసెస్ తెరిచిన ఫైళ్లలో దీనికిచ్చిన నంబరు అది, ఎఫ్‌డీ నంబరు అంటారు. పేరు పోయిన ఫైలుకి ఇంకా మిగిలి ఉన్న దారి ఆ రెండు నంబర్లే: /ప్రాక్/1187/ఎఫ్‌డీ/7.

చాలామంది ఇక్కడ సీపీ కొట్టి కాపీ తీసుకుంటారు. తప్పు కాదు. కానీ 31 జీబీ కాపీ అయ్యేసరికి చాలాసేపు పడుతుంది. కాపీ పూర్తయ్యాక మీరు హప్ పంపేలోపు పడిన లైన్లు పోతాయి. నేను చేసేది వేరు. ముందు ఆ ఫైలును నా షెల్‌తో (నేను కమాండ్లు కొట్టే ప్రోగ్రాముతో) కూడా పట్టించుకుంటాను:

ఎగ్జెక్ 9< /ప్రాక్/1187/ఎఫ్‌డీ/7

ఈ 9 మన షెల్‌లో మనం పెట్టుకున్న నంబరు, ఆర్‌సిస్‌లాగ్ జాబితాలోని 9తో దీనికి సంబంధం లేదు. సెక్యూర్ కోసం ఇలాగే ఇంకోటి, 8 నంబరుతో. ఇప్పుడు ఆ ఫైలును పట్టుకున్నవాళ్లు ఇద్దరు, ఆర్‌సిస్‌లాగ్, మీ షెల్. ఆర్‌సిస్‌లాగ్ వదిలేసినా ఫైలు పోదు, మీరు పట్టుకునే ఉన్నారు. హప్ పంపండి:

సిస్టమ్‌సీటీఎల్ కిల్ -ఎస్ హప్ ఆర్‌సిస్‌లాగ్.సర్వీస్

ఆ క్షణం నుంచి కొత్త లైన్లు కొత్త ఫైలులో పడతాయి. పాత ఫైలులోకి ఇక ఎవరూ రాయరు. తీరిగ్గా వేరే డిస్క్ మీదకు దింపుకోండి:

క్యాట్ <&9 > /బ్యాకప్/మెసేజెస్-దొరికినది

దిగిన ఫైలు సైజును ఎల్ఎస్ఓఎఫ్‌లో చూసిన సైజుతో పోల్చండి. హప్ దాకా పడిన లైన్ల వల్ల కాస్త ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. టెయిల్ కొట్టి చివరి లైను హప్ పంపిన టైమ్‌ది అవునో కాదో చూడండి. రెండూ కుదిరాకే ఎగ్జెక్ 9<&- కొట్టి వదిలెయ్యండి. డిస్క్‌లో చోటు ఖాళీ అయ్యేది అప్పుడే, అంతకుముందు కాదు. ఆ షెల్ విండో మధ్యలో మూసుకుపోతే ఫైలు కూడా పోతుంది కాబట్టి విండో పోయినా షెల్‌ను బతికించి ఉంచే స్క్రీన్ గానీ టీమక్స్ గానీ తెరిచి మొదటి నుంచీ అందులోనే చెయ్యండి. మావాడితో కూడా ముందు టీమక్స్‌ తెరిపించాకే మిగతాది చెప్పాను.

తర్వాత లాగులోకి ఒక లైను పంపే లాగర్ కమాండ్‌తో ఒక పరీక్ష. ఉత్తినే "లాగర్ పరీక్ష" అని కొడితే లైను మెసేజెస్‌లో పడుతుంది, సెక్యూర్‌లో పడదు. సెక్యూర్ కోసం "లాగర్ -పీ ఆథ్‌ప్రివ్.ఇన్ఫో పరీక్ష" అని కొట్టాలి. రెండు ఫైళ్లలోనూ లైను కళ్లారా చూడండి.

కబురు ఎందుకు అందలేదు

సెంట్‌ఓఎస్ 7లో /ఈటీసీ/లాగ్‌రొటేట్.డీ/సిస్‌లాగ్ ఫైలు తెరిస్తే పోస్ట్‌రొటేట్ కింద ఉండే లైను ఇది:

/బిన్/కిల్ -హప్ `క్యాట్ /వార్/రన్/సిస్‌లాగ్‌డీ.పిడ్ 2> /డెవ్/నల్` 2> /డెవ్/నల్ || ట్రూ

పిడ్ ఫైలులో ఉన్న ప్రాసెస్ నంబరు చదివి, ఆ ప్రాసెస్‌కి హప్ పంపమని దీని అర్థం. మరి అందులో రెండుసార్లు డెవ్ నల్, చివర్లో రెండు నిలువు గీతల తర్వాత ట్రూ ఎందుకున్నాయి? ఎర్రర్ ఏదొచ్చినా బయటికి రానివ్వకు, ఏం జరిగినా పని అయిందనే చెప్పు అని. ఆర్‌సిస్‌లాగ్ ఆగి ఉన్న మెషీన్‌లో కూడా రొటేషన్ సాఫీగా సాగాలని అలా పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ కబురు నిజంగా అందకపోతే మనకు చెప్పేవాళ్లు ఉండరు. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఆ ట్రూ గురించి గుర్తు పెట్టుకోండి.

ఆ లైనునే డెవ్ నల్‌లు, ట్రూ తీసేసి చేత్తో కొట్టి చూడండి. మా దగ్గర క్యాట్ వెంటనే చెప్పింది, సిస్‌లాగ్‌డీ.పిడ్ అనే ఫైలే లేదని. కారణం తవ్వితే మా టీమ్ దగ్గరే తేలింది. మూడు వారాల ముందు కొత్త ఫీచర్ కోసం మేమే సోర్స్ నుంచి ఆర్‌పీఎం (రెడ్‌హ్యాట్ కుటుంబంలో ప్యాకేజీలు ఎక్కించేది) ప్యాకేజీగా కట్టుకున్న ఆర్‌సిస్‌లాగ్ ఎక్కించాం. సోర్స్ నుంచి కడితే అది పిడ్ ఫైలును ఆర్‌సిస్‌లాగ్‌డీ.పిడ్ అన్న పేరుతో పెడుతుంది. సెంట్‌ఓఎస్ 7 సొంత ప్యాకేజీలో అది సిస్‌లాగ్‌డీ.పిడ్. రొటేషన్ కాన్ఫిగ్‌లో మేము అంతకుముందే కంప్రెస్ చేర్చి ఉన్నాం. చేత్తో మార్చిన ఆ ఫైలు మీద ఆర్‌పీఎం చెయ్యి పెట్టదు కాబట్టి కొత్త కాన్ఫిగ్‌ను పక్కన .ఆర్‌పీఎమ్‌న్యూ అని పెట్టి వదిలేసింది. దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. ప్యాకేజీ ఎక్కించిన రోజున ఈటీసీ కింద .ఆర్‌పీఎమ్‌న్యూ ఫైళ్లు ఏమైనా పుట్టాయేమో వెతకడం ఇప్పుడు మా చెక్‌లిస్టులో ఉంది. మీరూ పెట్టుకోండి.

పిడ్ ఫైలు మీద ఆధారపడకపోవడమే దీనికి సరైన పరిష్కారం. ప్రాసెస్ నంబరు సిస్టమ్‌డీకి ఎలాగూ తెలుసు. పోస్ట్‌రొటేట్‌లో ఆ పాత లైను తీసేసి ఇది పెట్టండి:

/యూజర్/బిన్/సిస్టమ్‌సీటీఎల్ కిల్ -ఎస్ హప్ ఆర్‌సిస్‌లాగ్.సర్వీస్ || /యూజర్/బిన్/లాగర్ -టీ రొటేట్‌హప్ "హప్ అందలేదు"

(/యూజర్ అని రాసిన చోట మీరు కొట్టాల్సినవి యూ, ఎస్, ఆర్ మూడే అక్షరాలు.) ట్రూ ఉన్న చోట లాగర్ వచ్చింది చూడండి. సిస్టమ్‌సీటీఎల్ ఎర్రర్ ఇస్తే లాగర్ నడుస్తుంది. ఆర్‌సిస్‌లాగ్ ఆ సమయానికి పలక్కపోయినా, లాగర్ మాట మొదట చేరేది సిస్టమ్‌డీ సొంత లాగు రాసే జర్నల్‌డీకి కాబట్టి జర్నల్‌సీటీఎల్ -టీ రొటేట్‌హప్ కొడితే దొరుకుతుంది.

కంప్రెస్ ఉన్న ప్రతిచోటా డిలేకంప్రెస్ కూడా రాయండి. అప్పుడు కొత్తగా పక్కకు జరిపిన ఫైలు మరో రొటేషన్ దాకా కంప్రెస్ కాకుండా ఆగుతుంది. వారానికోసారి రొటేషన్ ఉంటే, కబురు తప్పినా ఒక వారం పాటు లైన్లు పేరున్న ఫైలులోనే ఉంటాయి, మీరు గమనించడానికి టైమ్ దొరుకుతుంది. కాపీట్రంకేట్ పెట్టెయ్యమని కొందరు సలహా ఇస్తారు. ఆర్‌సిస్‌లాగ్ విషయంలో నేను ఒప్పుకోను. కాపీ తీయడానికీ ఫైలు ఖాళీ చేయడానికీ మధ్య వచ్చిన లైన్లు పోతాయి, పైగా కాపీ కోసం అంత చోటు డిస్క్‌లో అదనంగా ఉండాలి. సిగ్నల్ వినడం తెలియని పాత అప్లికేషన్లకు అది వాడుకోండి.

ఇంకో మాట. ఈ రోజుల్లో హప్ ప్రధాన పని ఫైళ్లు మూసి మళ్లీ తెరవడం. ఆర్‌సిస్‌లాగ్.కాన్ఫ్‌లో ఏదైనా మార్చి ఉంటే అది హప్‌తో అమల్లోకి రాదు, దానికి రీస్టార్టే కావాలి.

రొటేషనే జరగకపోతే

అప్పుడు కథ వేరు, మెసేజెస్ ఒక్కటే కొండలా పెరుగుతుంటుంది. లాగ్‌రొటేట్ -డీ /ఈటీసీ/లాగ్‌రొటేట్.కాన్ఫ్ కొట్టి చదవండి. -డీ పెడితే ఏదీ మారదు, ఏం చేసేదో చెబుతుంది అంతే. పోస్ట్‌రొటేట్ కూడా నడవదు, కాబట్టి కబురు సంగతి దీంతో తేలదు.

ఉబుంటులో ఎక్కువగా కనపడేది "పేరెంట్ డైరెక్టరీ హ్యాజ్ ఇన్‌సెక్యూర్ పర్మిషన్స్" అన్న ఎర్రర్. అక్కడ /వార్/లాగ్‌కి రూట్ కాని గ్రూపు కూడా రాయగలదు. ఎవరి పేరు మీద పని చేయాలో ఎస్‌యూ అనే లైనుతో చెప్పకపోతే లాగ్‌రొటేట్ ఆ ఫైలు జోలికి పోదు. లాగ్‌రొటేట్.కాన్ఫ్‌లో ఆ లైనును ఎవరైనా చెరిపేశారేమో చూడండి. ఉబుంటులోనే ఇంకోటి: ఆర్‌సిస్‌లాగ్ అక్కడ సిస్‌లాగ్ అనే యూజరుగా నడుస్తుంది. ఎవరైనా క్రియేట్ 0640 రూట్ రూట్ అని రాస్తే కొత్త ఫైలును తెరిచే హక్కు దానికి ఉండదు. హప్ అందినా రాయలేదు. క్రియేట్ 0640 సిస్‌లాగ్ ఏడీఎమ్ అని ఉండాలి.

"డూప్లికేట్ లాగ్ ఎంట్రీ" అంటే ఒకే ఫైలు పేరు రెండు కాన్ఫిగ్‌లలో ఉంది. లాగ్‌రొటేట్.డీ లోపలే పాత కాన్ఫిగ్‌కి తేదీ తగిలించి బ్యాకప్ దాచుకున్నవాళ్ల దగ్గర ఇది వస్తుంది. బ్యాకప్‌ను ఆ డైరెక్టరీ బయట పెట్టండి. "బ్యాడ్ లైన్ ఇన్ స్టేట్ ఫైల్" అంటే, చివరిసారి ఎప్పుడు రొటేట్ చేసిందో రాసుకునే స్టేటస్ ఫైలు పాడైంది. డిస్క్ పూర్తిగా నిండినప్పుడు ఇలా జరగొచ్చు. దాన్ని పక్కకు జరిపితే కొత్తది పుడుతుంది. మొదటిసారి తేదీ మాత్రమే రాసుకుంటుంది కాబట్టి అసలు రొటేషన్ తర్వాతి వంతుకే జరుగుతుంది.

మనిషిని బాగా తిప్పలు పెట్టేది ఎస్ఈలైనక్స్, అంటే ఏ ప్రోగ్రాము ఏ ఫైలును ముట్టుకోవచ్చో లేబుళ్లు చూసి కట్టడి చేసే లైనక్స్ కాపలా. చేత్తో నడిపితే లాగ్‌రొటేట్ చక్కగా పనిచేస్తుంది. రాత్రి క్రాన్‌లో మాత్రం పర్మిషన్ డినైడ్. పర్మిషన్లు ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే ఉంటాయి. మీరు రూట్‌గా కొట్టినప్పుడు ఎస్ఈలైనక్స్ కట్టుబాట్లు మీకు వర్తించవు, క్రాన్ లేపినప్పుడు అదే ప్రోగ్రాము లాగ్‌రొటేట్ అనే తన గిరిలో నడుస్తుంది, తేడా అదే. లాగుల్ని /డేటా/లాగ్స్ లాంటి సొంత డైరెక్టరీలో పెడితే వాటి మీద వార్_లాగ్_టీ అన్న లేబుల్ ఉండదు. ఆ గిరిలోంచి వాటిని ముట్టుకోనివ్వదు. ఏయూసెర్చ్ -ఎమ్ ఏవీసీ -టీఎస్ టుడే కొడితే నిరాకరించిన లైన్లు దొరుకుతాయి. ఎస్ఈమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ -ఏ -టీ వార్_లాగ్_టీ "/డేటా/లాగ్స్(/.*)?" అని చెప్పి, రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ /డేటా/లాగ్స్ (ఆర్ పెద్దక్షరం, వీ చిన్నక్షరం) కొట్టండి. ఎస్ఈలైనక్స్‌నే ఆపెయ్యకండి. ఒక లేబుల్ కోసం సర్వర్ కాపలా మొత్తం తీసేసినట్టవుతుంది.

-ఎఫ్ కొట్టే ముందు

సరిచేశాక పరీక్షించాలి కదా అని చాలామంది, టైమ్ రాకపోయినా ఇప్పుడే రొటేట్ చెయ్యమని, లాగ్‌రొటేట్ -ఎఫ్ /ఈటీసీ/లాగ్‌రొటేట్.డీ/సిస్‌లాగ్ అని కొడతారు. దయచేసి ఆగండి. ఆ ఒక్క ఫైలే ఇస్తే లాగ్‌రొటేట్.కాన్ఫ్‌లోని సెట్టింగులేవీ చదవదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆ సిస్‌లాగ్ ఫైలులో రొటేట్ లైను ఉండదు, అది పైన కాన్ఫ్‌లో ఉంటుంది. రొటేట్ ఎంతో చెప్పకపోతే లాగ్‌రొటేట్ దాన్ని సున్నా అనుకుంటుంది. సున్నా అంటే పాత ఫైలు దాచదు, తీసేస్తుంది. పరీక్ష కోసం చేసిన పనికి ఉన్న లాగులు పోతాయి.

అందుకే ముందు ఆ సిస్‌లాగ్ ఫైలులోనే రొటేట్, వీక్లీ, డేట్‌ఎక్స్‌ట్, క్రియేట్, డిలేకంప్రెస్ అన్నీ విడివిడిగా రాసుకోండి. ఆ తర్వాత -వీఎఫ్‌తో నడపండి. వెంటనే ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/ప్రాసెస్ నంబరు/ఎఫ్‌డీ కొట్టి చూడండి. బాణం గుర్తు అవతల /వార్/లాగ్/మెసేజెస్ అని మాత్రమే ఉండాలి, తేదీ గానీ డిలీటెడ్ గానీ ఉండకూడదు. డేట్‌ఎక్స్‌ట్ పెట్టినప్పుడు అదే రోజు రెండోసారి -ఎఫ్ కొడితే "డెస్టినేషన్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్" అని వదిలేస్తుంది. దానికి కంగారు పడక్కర్లేదు.

రొటేట్ ఎంత రాయాలి? రెడ్‌హ్యాట్‌లో మొదట ఉండేది 4, అంటే నాలుగు వారాలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో సంస్థలు 180 రోజుల లాగులు దాచాలి. వారానికోసారి రొటేట్ చేస్తే 26 రాయాలి, 182 రోజులు వస్తాయి. అదే బ్లాకులో మాక్స్‌సైజ్ (ఇంత సైజు దాటితే వారం ఆగకుండా రొటేట్ చెయ్యమనేది) కూడా ఉంటే జాగ్రత్త. లాగులు ఎక్కువొచ్చిన వారంలో అది మూడు నాలుగు సార్లు రొటేట్ చెయ్యొచ్చు. 26 ఫైళ్లూ ఉంటాయి గానీ అవి రెండు నెలలవే కావచ్చు. అలాంటి సర్వర్ల నుంచి లాగులు వేరే మెషీన్‌కి పంపుకోవడమే మంచిది.

మావాడు ఆ రాత్రి రెండున్నరకల్లా 31 జీబీ దింపి, చివరి లైను చదివి వినిపించాక ఫోన్ పెట్టేశాడు. మరుసటి వారం నుంచి ప్రతి సోమవారం పొద్దున, ఆదివారం రొటేషన్ అయ్యాక, మా సర్వర్లన్నింటి మీదా ఒక చిన్న స్క్రిప్టు నడుస్తోంది. అందులో ఉన్నది ఒకే లైను:

ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 | గ్రెప్ /వార్/లాగ్

ఏమీ రాకపోతే సరే. ఏదైనా లైను వచ్చిందంటే ప్రాసెస్ నంబరు, ఎఫ్‌డీ నంబరు కాగితం మీద రాసుకుని, టీమక్స్ తెరిచి, ఎగ్జెక్ 9< దగ్గర మొదలుపెట్టండి.